జాడీ కడిగే ముందు

అమ్మలూ,

నువ్వు కీటకాల ఫిజియాలజీలో పీహెచ్‌డీకి చేరుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. సంతోషంగానే చెప్పింది గానీ, చివర్లో "పురుగులతో ఐదేళ్లా అక్కా?" అని గొంతు తగ్గించింది. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. అందుకే తెల్లారగానే లేచి రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఫెలోషిప్ కాగితాలకి రెండు జెరాక్స్‌లు తీసి దాచుకో. గైడ్‌తో మాట్లాడింది ఏ రోజుది ఆ రోజే రాసుకో. టైముకి తిను.

అన్నిటికంటే ముందు కీటకాల ఫిజియాలజీకి పునాది వేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త విగిల్స్‌వర్త్‌ని చదువు. పాతకాలం మనిషి కదా అని వదిలెయ్యకు. 1930లలో లండన్‌లో ఆయన పెంచినది రోడ్నియస్ అనే దక్షిణ అమెరికా పురుగు, మన నల్లిలా రక్తం తాగేది. ఒక్కసారి కడుపునిండా తాగితే చాలు, కొన్ని రోజులకి కుబుసం విడుస్తుంది. తాగిన వెంటనే తల తీసేస్తే విడవదు, కానీ తల లేకుండానే నెలల తరబడి బతుకుతుంది. నాలుగైదు రోజులాగి తీస్తే మాత్రం విడుస్తుంది. ముందు తల తీసినదాన్నీ, ఆగి తీసినదాన్నీ మైనంతో అతికించి ఒకదాని రక్తం ఇంకోదానికి అందేలా చేశారాయన. రెండూ కుబుసం విడిచాయి! తలలోంచి ఏదో రక్తంలోకి దిగుతోందని అలా తేలింది. పురుగుని పిల్లదశలోనే పట్టి ఉంచే జువెనైల్ హార్మోన్ మెదడు వెనకున్న కార్పస్ అల్లాటం అనే చిన్న గ్రంథిలోంచి వస్తోందని 1936లో చూపించారు. చేతిలో మైనం, కత్తి, ఓపిక తప్ప పెద్ద యంత్రాలేవీ లేవు. 1939లో ఆయన రాసిన పెద్ద పుస్తకం 1972 నాటికి ఏడో కూర్పుకి వచ్చింది. మా లైబ్రరీ కాపీకి అట్ట ఊడిపోతే నేనే కుట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1979లో పత్తికాయల మీద గుంపులుగా తిరిగే ఎర్ర పురుగుల్ని పెంచుతున్నాను. గాజు జాడీల్లో అడుగున కాగితం, పైన నానబెట్టిన పత్తి గింజలు. ఒక జాడీలో ఐదో దశ, అంటే పెద్దవి కావడానికి ముందుండే ఆఖరి దశ, పిల్లలు పదకొండు సరిగ్గా పెద్దవి కాలేదు. కుబుసం అయితే విడిచాయి గానీ రెక్కలు రాలేదు, మళ్లీ పెద్ద పిల్లల్లాగే ఉన్నాయి. వారంలో సెమినార్. ఒకటే టెన్షన్. పట్టికలో "చనిపోయినవి" అని రాసి, జాడీ వేడినీళ్లతో కడిగేశాను. కాగితం చెత్తబుట్టలో పడేశాను.

రెండు నెలల తర్వాత లైబ్రరీలో పాత సంపుటం తిరగేస్తుంటే కాళ్లు చల్లబడ్డాయి. 1960లలో కారెల్ స్లామా అనే చెక్ శాస్త్రవేత్త ప్రాగ్ నుంచి అమెరికాలోని హార్వర్డ్‌కి, అక్కడ కీటకాల మీద పనిచేసే కారోల్ విలియమ్స్ దగ్గరికి, తన పురుగుల్ని పట్టుకెళ్లారు. అవీ మన ఎర్ర పురుగు చుట్టాలే. ప్రాగ్‌లో చక్కగా పెరిగినవి అక్కడ పెద్దవి కాకుండా ఆరో దశ పిల్లలై చచ్చిపోయేవి. వాళ్లు జాడీ కడిగెయ్యలేదు. ఒక్కొక్కటీ మార్చి చూశారు. చివరికి దోషం జాడీలో వేసిన పేపర్ టవల్‌ది! అమెరికా వార్తాపత్రికల కాగితం, న్యూయార్క్ టైమ్స్‌ది కూడా, వేస్తే పురుగులు పెద్దవి కాలేదు. లండన్ టైమ్స్ కాగితం ఏమీ చెయ్యలేదు. అమెరికా కాగితానికి వాడే బాల్సమ్ ఫర్ చెట్టులో జువెనైల్ హార్మోన్‌లా పనిచేసే పదార్థం ఉంది. 1966లో మన దేశపు ఎర్ర పురుగు మీద కూడా అది పనిచేస్తుందని అచ్చయింది. నేను చూసేసరికి అది పదమూడేళ్ల పాతది.

నా జాడీలో జరిగిందీ అదేనని అనను. తేమ కావచ్చు, గింజలు పాడై ఉండవచ్చు. కానీ ఆ రోజు అడుగున ఏ కాగితం వేశానో నేను రాసుకోలేదు. ఎంత వెతికినా ఇక దొరకదు. ఇన్నేళ్లు క్లాసులు చెప్పాను, పిల్లల థీసిస్‌లు దిద్దాను, ఆ పదకొండూ మాత్రం అలాగే గుర్తుండిపోయాయి.

నీ గురించి నాకు భయం ఇక్కడే. చిన్నప్పుడు ముగ్గులో ఒక్క చుక్క తప్పితే చాలు, మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టేదానివి. ఎన్నిసార్లు కోప్పడ్డానో! ల్యాబ్‌లో అలా చెయ్యకు. వంకరగా వచ్చిన పురుగుని ఆల్కహాల్‌లో వేసి, తేదీ, జాడీ నంబరు, కింద వేసిన కాగితం, నీళ్లు ఎక్కడివో అన్నీ రాసి పెట్టు. ఎవరు తొందరపెట్టినా సరే, గైడ్ అయినా సరే. కోప్పడ్డానని బాధపడకు తల్లీ, నువ్వు మైక్రోస్కోప్ దగ్గర కూర్చుంటావంటే నా కళ్లకే మళ్లీ వెలుగొచ్చినట్టుంది.

దసరాకి వచ్చినప్పుడు నా పాత నోట్‌బుక్ ఇస్తాను. ఆ పట్టిక ఉన్న పేజీలో గుర్తుగా దారం పెట్టాను. రాత్రి ల్యాబ్‌లో ఆలస్యమైతే ఒక మెసేజ్ పెట్టు, ఎంత రాత్రయినా చూస్తాను.

నీ పెద్దమ్మ