ఒక్కడినే ఉంటున్నా కరెంటు బిల్లు ఇంత ఎందుకొస్తోంది?

సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఒక్కడినే అద్దెకుంటున్నాను, పగలంతా ఆఫీసులోనే, అయినా 1300 బిల్లు ఎలా వస్తుంది అని అడిగారు. ఏసీని, ఫ్రిజ్‌ని తర్వాత తిట్టుకుందురు గానీ, ముందు సెల్లార్‌లోకి దిగి మీటర్ దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి. నేను ఆ పని ఏడు నెలలు ఆలస్యంగా చేసి దాదాపు ఐదు వేలు పోగొట్టుకున్నాను.

నేనుండేది హైదరాబాద్‌లో, నిజాంపేట వైపు. ఒకప్పుడు త్రిబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అది. మధ్యలో ఓ సన్నపాటి గోడ కట్టి రెండు పోర్షన్లు చేశారు. పెద్దది నాది, పక్కన ఒక్క రూమ్‌లో నైట్ షిఫ్ట్ చేసే కుర్రాడు. మొదటి నెల బిల్లు 1300 దాటింది. రెండో నెలా అంతే. అమ్మకి ఫోన్‌లో చెప్తే, "ఒక్కడివే కదరా, ఏం కాలుస్తున్నావ్ అంత కరెంటు?" అంది. ఓనర్ అంకుల్‌ని అడిగితే, "మీ కుర్రాళ్ళు ఫోన్ చార్జర్లు ప్లగ్గులోనే వదిలేస్తారు బాబూ" అన్నాడు. పెద్దాయన కదా అని నమ్మి నెలంతా చార్జర్లు పీకుతూ కూర్చున్నాను. ఇప్పుడొచ్చే చార్జర్లు పది అలా వేలాడినా నెలకి ఒక యూనిట్ తిరగదని తర్వాత తెలిసింది. బ్యాచిలర్ అనగానే ప్రతి తప్పూ మన ఖాతాలోనే వేస్తారు. నీళ్ళ ట్యాంకు ఖాళీ అయినా మనమే, లిఫ్ట్ ఆగినా మనమే.

బిల్లు కొట్టే అబ్బాయి పుణ్యమా అని నా కళ్ళు తెరుచుకున్నాయి. చేతిలో మిషన్‌తో రీడింగ్ తీస్తూ, "ఒక్కరే ఉంటారా? మొగుడూ పెళ్ళాం ఉన్న ఫ్లాట్లకే ఇంత రావట్లేదన్నా. ఓసారి మెయిన్ ఆపేసి కిందకొచ్చి చూడు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మెయిన్ ఆపేసి సెల్లార్‌కి వెళ్ళాను. మీటర్ బోర్డుకి ఆనించి ఎవరో స్కూటర్ పెట్టారు. బూజు దులిపి ఫోన్ టార్చ్ వేశాను. ఇంట్లో ఫ్యాన్ కూడా తిరగట్లేదు, నా మీటర్ మీద ఎర్ర లైట్ మాత్రం టకటకా కొట్టుకుంటోంది. ఆ లైట్ ఎన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్టో మీటర్ మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. నా మీటర్ మీద 3200 అని ఉంది. వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాను. నిమిషానికి 106. అంటే గంటకి 6360, రెండు యూనిట్లకి కాస్త తక్కువ. గంటకి రెండు యూనిట్లంటే రెండు వేల వాట్లు. అంత లాగేది మామూలు ఇంట్లో చాలావరకు గీజరే.

చూస్తూ ఉండగానే లైట్ ఠక్కున ఆగిపోయింది.

పైకి పరుగెత్తాను. పక్క పోర్షన్ తలుపు తీసే ఉంది. కుర్రాడు తడి తలతో, భుజం మీద తువ్వాలుతో ఫోన్ చూసుకుంటున్నాడు. "తమ్ముడూ, గీజర్ వేశావా?" అంటే, "అదెప్పుడూ ఆన్‌లోనే ఉంటది కదన్నా" అన్నాడు. వేడినీళ్ళ ట్యాప్ తిప్పి వదిలేయమని మళ్ళీ కిందకి దిగాను. కాసేపటికి ఎర్ర లైట్ మళ్ళీ అందుకుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, ఆ బాత్రూమ్ లైన్ నా మెయిన్ కంటే ముందే జాయింట్ కొట్టి లాగారని తేల్చాడు. ఇల్లు రెండయింది, వైరింగ్ మాత్రం ఉమ్మడి కుటుంబంలా ఉండిపోయింది. మిగతా రూమ్‌కి ఓనర్ వేరే సబ్ మీటర్ పెట్టి, యూనిట్‌కి 10 రూపాయల చొప్పున ఆ కుర్రాడి దగ్గర వసూలు చేస్తున్నాడు. (అది ఇంకో దోపిడీ, దాని గురించి రాయాలంటే ఈ జవాబు చాలదు.)

ఒక్క గీజర్‌కే అంత తేడానా అంటారేమో. అసలు దెబ్బ శ్లాబ్ దగ్గర, అంటే వాడకాన్ని బట్టి మారే రేటు దగ్గర పడుతుంది. తెలంగాణలో 2022లో పెంచిన రేట్ల ప్రకారం, నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80. మొత్తం 820. అదే 201 అయిందనుకోండి, మొదటి యూనిట్ నుంచే 5.10 లెక్కేస్తారు, 200 దాటినవాటికి 7.70. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ మీకు 207 రూపాయలకి పైనే పడుతుందన్నమాట! తెల్ల కార్డుతో గృహజ్యోతి (200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పథకం) వచ్చేవాళ్ళకి ఇంకా ఘోరం, 200 దాటితే ఆ నెల ఉచితం లేదు, బిల్లంతా కట్టాల్సిందే. నా సొంత వాడకం 150 దగ్గర ఉంటుంది, 580 రూపాయలు. పక్క గీజర్‌తో కలిపి 236 అయితే దాదాపు 1297. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే.

ఇంకోటి, ఒక్కడివే ఉంటే నలుగురున్న ఇంట్లో కాలే కరెంటులో నాలుగో వంతే కాలుతుందని అందరూ అనుకుంటారు. ఫ్రిజ్‌కి ఇంట్లో ఎంతమందున్నారో తెలియదు. నాలుగు టమాటాలు, సగం పెరుగు ప్యాకెట్ కోసం నా పాత ఫ్రిజ్ రోజుకో యూనిట్ తింటుంది. వైఫై బాక్స్ మనం ఆఫీసులో ఉన్నా వెలుగుతూనే ఉంటుంది. అయినా వీటివల్ల 1300 రాదు. నన్నడిగితే అద్దె ఇళ్ళలో తప్పు ఎప్పుడూ వైరింగ్‌దే.

మెయిన్ ఆపి చూసేటప్పుడు బిల్లు మీద మీటర్ నంబరూ, బోర్డు మీద మీటర్ నంబరూ ఒకటేనా చూసుకోండి. పెయింట్‌తో రాసిన ఫ్లాట్ నంబర్లని నమ్మొద్దు. మా బిల్డింగ్‌లో 103, 301 తారుమారుగా ఉన్నాయి, ఆ ఇద్దరూ ఎన్నాళ్ళుగా ఒకరి బిల్లు ఒకరు కడుతున్నారో. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపండి, లేకపోతే ఇంట్లో లైట్లు వెలుగుతూ కంగారు పెడతాయి.

ఓనర్ అంకుల్ మొదట "అడ్జస్ట్ అవ్వండి బాబూ, పక్కవాడేగా" అన్నాడు. మీటర్ వీడియో చూపించాక లైన్ మార్పించి, ఒక నెల అద్దెలో 1500 తగ్గించాడు. మిగతాది అడిగితే మెయింటెనెన్స్ పెంచుతాడేమోనని ఊరుకున్నాను. ఇప్పుడా గీజర్ సబ్ మీటర్ మీద నడుస్తోంది. మా మధ్య గోడ సన్నంది కదా, రోజూ సాయంత్రం కుర్రాడి స్నానం కాగానే స్విచ్ ఆపిన చప్పుడు నాకు వినిపిస్తుంది.