పండరంగని మునిమనవడి జినాలయం

ప్రశ్న: మా ఊరికి దగ్గరలోని మాదనూరులో దొరికిన రాగిరేకుల్లో, వేంగీ చాళుక్యరాజు ఒక జైన దేవాలయానికి ఊరు దానమిచ్చినట్టు ఉందని విన్నాను. ఆ రాజులు శైవులని బడిలో చదువుకున్నాం. మరి వారు జైనం పుచ్చుకున్నారా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పుచ్చుకోలేదు. మీరు విన్నది రెండవ అమ్మరాజు (945–970) వేయించిన మలియపూండి శాసనం గురించి. కమ్మనాటిలోని మలియపూండి గ్రామాన్ని ఆయన కటకాభరణ జినాలయానికి దానమిచ్చాడు. పొలిమేరలు చెప్పేచోట కల్వకూరు, ధర్మవురము అన్న పేర్లు వస్తాయి. అద్దంకి ప్రాంతం తెలిసినవారికి ఇవి కొత్త పేర్లు కావు.

ఇక్కడ రాజుకన్నా గుడి కట్టించిన దుర్గరాజే నన్ను ఎక్కువగా ఆకర్షిస్తాడు. శాసనం చెప్పే వంశక్రమం ప్రకారం పండరంగని కొడుకు నిరవద్యధవళుడు, అతని కొడుకు విజయాదిత్యుడు, అతని కొడుకు ఈ దుర్గరాజు. అంతకుముందటి వేంగీ చాళుక్యరాజు గుణగ విజయాదిత్యుని సేనాని అయిన ఆ పండరంగడు బోయకొట్టములు (బోయల స్థావరాలు) పన్నెండింటిని గెలిచిన సంగతిని తరువోజ అనే తెలుగు ఛందస్సులో చెప్పిన అద్దంకి శాసనం అతణ్ణి ‘పరమ మహేశ్వరుండు’ అంటుంది. అంటే ముత్తాత పరమ శైవుడు, మునిమనవడు జినాలయ నిర్మాత. ఇంటిల్లిపాదీ ఒకే మతాన్ని పట్టుకుని ఉండాలన్న నియమం ఆ కాలపు సామంతులకు ఉన్నట్టు కనిపించదు.

దానాన్ని అందుకున్నది జైనుల్లో ఒక శాఖ అయిన యాపనీయ సంఘానికి చెందిన ముని శ్రీమందిరదేవుడు. ఆ సంఘం మునులు దిగంబరుల్లాగే నగ్నంగా ఉండేవారు, అయినా స్త్రీకి ఆ జన్మలోనే మోక్షం ఉందని శ్వేతాంబరులతో కలిసి వాదించేవారు.

అమ్మరాజు చేసిన జైన దానం ఇదొక్కటే కాదు. అత్తిలినాటిలోని కలుచుంబర్రు గ్రామాన్ని, చామెకాంబ అనే జైన భక్తురాలి కోరిక మీద, సర్వలోకాశ్రయ జినభవనపు సత్రానికి ఇచ్చాడు. అదే రాజు బెజవాడలోని సమస్తభువనాశ్రయ శివాలయానికి తాండికొండ శాసనంతో ఊళ్లు రాసిచ్చాడు. రాణులూ జైన దానాల్లో వెనకబడలేదు: వంశస్థాపకుడు కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి వసదికి (జైన ఆలయానికి) ముసినికొండ గ్రామాన్ని ఇచ్చింది.

ఈ వంశంలోనే తరువాతి రాజు విమలాదిత్యునికి జైనంతో ఇంకా దగ్గరి సంబంధం ఉంది. విజయనగరం దగ్గరి రామతీర్థంలోని శాసనం త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన మునిని ఆయన గురువని చెబుతుంది. నన్నయ చేత భారతం తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడు ఈ విమలాదిత్యుని కొడుకే.