సదరం పరీక్షలో బిడ్డ గురించి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలోని ఒక పల్లె. మా పాపకు ఏడేళ్లు. బుద్ధిమాంద్యం ఉందని మూడేళ్ల కిందటే డాక్టరు చెప్పారు. వైకల్య శాతాన్ని తేల్చే సదరం శిబిరంలో మాత్రం 35 శాతమని సర్టిఫికెట్ ఇచ్చారు. 40 శాతం లేనందున పింఛను రాదని సచివాలయంలో అంటున్నారు. పాపను వదల్లేక నేను కూలికి వెళ్లడం మానేశాను. మళ్లీ అడగవచ్చా? ఆడపిల్లకు ఆ ముద్ర ఎందుకని మా అత్తగారు వద్దంటున్నారు.
- ఒక తల్లి

జవాబు: తప్పకుండా అడగవచ్చు అమ్మా. సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయం సరికాదనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే కల్పించింది. అయితే అప్పీలు రాసే ముందు, ఆ రోజు డాక్టరు ఏం అడిగారో, మీరేం చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండి.

బుద్ధిమాంద్యం శాతాన్ని తేల్చేటప్పుడు తెలివితేటల పరీక్షతో పాటు వైన్‌ల్యాండ్ సామాజిక పరిణతి స్కేలు అనే కొలతను కూడా వాడతారు. తినడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, నలుగురిలో మెలగడం వంటివి బిడ్డ ఎంతవరకు సొంతంగా చేసుకోగలదో పెంచుతున్న వారిని అడిగి తెలుసుకోవడమే అందులో ముఖ్యమైన పని. అంటే తల్లి చెప్పిన జవాబులే చివరికి అంకెలుగా మారతాయి. ‘పాప తనంతట తాను తింటుందా?’ అని అడిగితే, బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి నోరు రాక, ‘తింటుందండీ’ అనేస్తాం. అన్నం కలిపి, ముద్దలు చేసి, పక్కన కూర్చుని ఒక్కో ముద్దకూ గుర్తు చేస్తేనే తింటుందన్న మాట మనలోనే ఉండిపోతుంది. అబద్ధం చెప్పమని నేను అనడం లేదు. ఉన్న నిజాన్ని సగంలో ఆపవద్దని మాత్రమే కోరుతున్నాను.

అందుకే ఒక పది రోజుల పాటు నోటుపుస్తకంలో రాసి పెట్టండి: రాత్రి ఎన్నిసార్లు లేచారు, పక్క ఎన్నిసార్లు తడిసింది, బొత్తాలు ఎవరు పెట్టారు, వీధిలోకి పరుగెత్తినప్పుడు ఎవరు పట్టుకున్నారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి పాప వెళ్తుంటే అక్కడి టీచరు చేత కూడా ఒక ఉత్తరం రాయించుకోండి. పాత వైద్య కాగితాలతో పాటు ఇవన్నీ దగ్గర ఉంచుకోండి.

శాతం 40కి చేరితే, ఇంటి ఆదాయం వంటి మిగతా అర్హతలు ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయల పింఛను వస్తుంది. ఈ పింఛనుకు వయసు అడ్డు కాదు కాబట్టి ఏడేళ్ల పిల్లకు రాదని ఎవరైనా అంటే నమ్మకండి. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు నడుపుతున్న నిరామయ ఆరోగ్య బీమా కూడా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తించే ఆ బీమాలో మందుల ఖర్చే కాక థెరపీల ఖర్చు కూడా కలుస్తుంది. దాన్ని ఏటా పునరుద్ధరించుకోవడం మరచిపోకూడదు. చిన్నపిల్లల సర్టిఫికెట్‌కు సాధారణంగా గడువు ఉంటుంది కనుక ఆ తేదీని కూడా చూసుకోండి.

ఇక అత్తగారి మాట. ఆమె భయం మనుమరాలి మీద ప్రేమతో పుట్టినదే కాబట్టి ఆమెను తప్పుపట్టలేను. అయినా పాప అవసరాలు ఆ కాగితం వల్ల వచ్చినవి కావు, కాగితం లేకపోతే పోయేవీ కావు. మీరు నీళ్లకు వెళ్లినప్పుడు పాపను కనిపెట్టుకుని ఉండేది ఆమే అయితే, మళ్లీ పరీక్షకు పిలిచిన రోజున ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టరు అడిగేవాటిలో మీకంటే ఆమెకు బాగా తెలిసినవి కొన్ని ఉంటాయి.