టెక్ సందేహాలు: క్లయింట్ ల్యాప్‌టాప్‌లో పీఎంపీ రాసేయొచ్చా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు కాంట్రాక్ట్ మీద పనిచేసేవాళ్లవే, అందరూ కూడబలుక్కున్నట్టు పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) అనే సర్టిఫికేషన్ కోసం బూట్‌క్యాంపుల్లో, అంటే కొద్దిరోజుల్లో గబగబా కోర్సు ముగించే క్లాసుల్లో, చేరుతున్నారు, అందుకే ఫోన్ బ్యాటరీలు, వైఫై గోలలు వచ్చే వారానికి వాయిదా వేసి ఇవాళ వీటి సంగతే చూద్దాం.

ప్రశ్న: నేను కాంట్రాక్టర్‌ని. పీఎంపీ కోసం ఐదు రోజుల ఆన్‌లైన్ బూట్‌క్యాంప్‌కి డబ్బు కట్టేశా. నా సొంత ల్యాప్‌టాప్ పాతది, క్లయింట్ ఇచ్చింది కొత్తది, బాగా ఫాస్ట్. క్లాసులు, ఆ తర్వాత ఇంటినుంచి పరీక్ష, రెండూ దాంట్లోనే కానిచ్చేస్తే ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: క్లాసుల వరకు ఎలాగోలా నడిచిపోతుందేమో గానీ పరీక్ష మాత్రం దాంట్లో వద్దు, అస్సలు వద్దు. ఎందుకంటే ఇంటినుంచి రాసే పరీక్ష, దాన్ని నడిపే పియర్సన్ వ్యూ అనే కంపెనీ వాళ్ల ఆన్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది, అది మొదలవగానే వేరే ప్రోగ్రాములన్నీ మూసెయ్యమంటుంది, కెమెరా మైకు తన చేతిలోకి తీసుకుంటుంది, పరీక్ష అయ్యేదాకా అటు పక్కనుంచి ఒక మనిషి మిమ్మల్ని చూస్తూనే ఉంటాడు. మరి క్లయింట్ ల్యాప్‌టాప్‌లో ఏముంటాయి? వీపీఎన్, ఫైర్‌వాల్, మీరు ఆపుదామన్నా ఆగని సెక్యూరిటీ ఏజెంట్లు. ఆపాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, అది మీ దగ్గర ఉండదు. పైగా క్లయింట్ మెషీన్లో సొంత పని చేశారని రేపు ఎవరైనా అడిగితే అదో తలనొప్పి.

పాత ల్యాప్‌టాప్ అంటున్నారు కదా, అదే చాలొచ్చు. పరీక్షకి కనీసం వారం ముందు ఆన్‌వ్యూ సిస్టమ్ టెస్ట్ నడపండి, అదే మెషీన్, అదే గది, అదే నెట్, కుదిరితే పరీక్ష రాయబోయే టైములోనే. ఊరికే ఒకసారి పాసయింది కదా అని వదిలెయ్యకండి, మధ్యలో విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చిందంటే కెమెరా డ్రైవర్ అలిగి కూర్చోవచ్చు. వైఫై కంటే రౌటర్ నుంచి కేబుల్ లాగడం మేలు. రెండో మానిటర్, హెడ్‌ఫోన్స్ కుదరవు, టేబుల్ ఖాళీగా ఉండాలి, చెకిన్ అప్పుడు ఫోన్‌తో గది నాలుగు పక్కలా ఫొటోలు తీసి పంపి ఆ ఫోన్‌ని చేతికి అందనంత దూరంలో పెట్టెయ్యాలి. ప్రశ్నని పైకి చదివే అలవాటుందా? నాకుంది, పెదాలు కదిలినా వార్నింగ్ వస్తుంది. పేపరూ పెన్నూ కూడా ఉండవు, స్క్రీన్ మీద వైట్‌బోర్డు ఇస్తారు, మౌస్‌తో దానిమీద రాస్తే నా చేతిరాత బలపం పట్టిన మొదటిరోజు రాతలా ఉంటుంది, కాబట్టి అందులో టైపు చెయ్యడం ముందే అలవాటు చేసుకోండి.

180 ప్రశ్నలు, దగ్గరదగ్గర నాలుగు గంటలు, మధ్యలో పదేసి నిమిషాల బ్రేకులు రెండు. బ్రేక్‌కి వెళ్లొస్తే వెనకటి ప్రశ్నలు మళ్లీ తెరుచుకోవు, అది గుర్తుంచుకోండి. ఇంట్లో నెట్ మీద నమ్మకం లేకపోతే టెస్ట్ సెంటర్‌కే పొండి, నన్నడిగితే అదే హాయి.

ప్రశ్న: బూట్‌క్యాంప్ అకౌంటు, పీఎంపీ ఇచ్చే సంస్థ పీఎంఐలో అకౌంటు ఏ మెయిల్‌తో తెరవాలి? ఆఫీసు మెయిల్ అయితే ప్రొఫెషనల్‌గా ఉంటుందని ఫ్రెండ్ అన్నాడు.

జవాబు: మీ ఫ్రెండ్ పర్మనెంట్ ఉద్యోగి అయ్యుంటాడు. నేను కాంట్రాక్టులు చేసే రోజుల్లో సరిగ్గా ఈ తప్పే చేశా, ఒక ఆన్‌లైన్ కోర్సుకి క్లయింట్ ఇచ్చిన మెయిల్ పెట్టా, శుక్రవారంతో కాంట్రాక్ట్ అయిపోయింది, సోమవారం సర్టిఫికెట్ దింపుకుందామని చూస్తే పాస్‌వర్డ్ గుర్తులేదు, రీసెట్ లింకేమో పోయిన మెయిల్‌కే పోతోంది. సపోర్ట్ వాళ్లతో రెండు వారాలు ఉత్తరాలు నడిపితే గానీ దారికి రాలేదు. పీఎంపీ అయితే ఇంకా కష్టం, అది ఒకసారి పాసై వదిలేసేది కాదు, మూడేళ్లకోసారి 60 పీడీయూలు (ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారని చూపే పాయింట్లు) చూపించి రెన్యూ చేసుకోవాలి, అన్నేళ్లలో మీరు ఎంతమంది క్లయింట్లని మారతారో. సొంత మెయిల్ పెట్టండి, రెండంచెల లాగిన్ కూడా సొంత నంబర్‌కే. పేరు మాత్రం ఐడీ కార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే, ఇంటిపేరు ఒకచోట పొడుగ్గా ఒకచోట పొడి అక్షరంగా ఉంటే పరీక్షరోజు చెకిన్‌లో ఆపేస్తారు.

ప్రశ్న: అప్లికేషన్‌లో అనుభవం నెలల్లో చూపించమంటున్నారు. ఒకేసారి ఇద్దరు ముగ్గురు క్లయింట్లకి చేస్తుంటా. ఈ లెక్కకి మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ ఎందుకు, ఒక ఎక్సెల్ షీట్ చాలు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకి ప్రాజెక్టుల్ని ముందుండి నడిపిన అనుభవం 36 నెలలు కావాలి, దాంతోపాటు 35 గంటల శిక్షణ, ఆ 35 గంటల కోసమే ఈ బూట్‌క్యాంపులన్నీ. తిరకాసు ఎక్కడంటే ఒకే నెలలో మూడు ప్రాజెక్టులు చేసినా అది ఒక్క నెలే, మూడు కాదు. అందుకని షీట్‌లో నెలకో వరస పెట్టండి, ప్రాజెక్టుకో వరస కాదు. జనవరి ఒక వరస, అందులో ఏ ప్రాజెక్టు, మీరేం చేశారు, ఎవరికి రిపోర్ట్ చేశారు. ప్రాజెక్టుకో వరస పెడితే కూడిక 50 నెలలు చూపిస్తుంది, విడదీసి చూస్తే 31 తేలుతుంది, అప్పుడు లబోదిబోమంటారు.

ఆ చివరి కాలమ్, ఎవరికి రిపోర్ట్ చేశారన్నది, కాంట్రాక్టర్లకి అన్నిటికంటే ముఖ్యం. కొన్ని అప్లికేషన్లని లాటరీలో తీసినట్టు ఆడిట్‌కి తీస్తారు, అప్పుడు మీ ప్రాజెక్టు తెలిసినవాళ్లు నిజమేనని ధ్రువీకరించాలి. పర్మనెంట్ వాళ్లయితే పక్క సీటుకి వెళ్లి అడుగుతారు, మనకేమో ఆ మేనేజర్ ఎప్పుడో ఉద్యోగం మారిపోయి ఉంటాడు. కాంట్రాక్ట్ అయిపోయే వారంలోనే వాళ్లని అడిగి సొంత మెయిల్, నంబర్ తీసి పెట్టుకోండి. అలాగని క్లయింట్ ప్లాన్లు, రిపోర్టులు సాక్ష్యంగా ఉంటాయని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోకండి, మీరు సంతకం పెట్టిన ఒప్పందం ఒకసారి తీసి చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది. మీ పని మీ మాటల్లో నాలుగు లైన్లు రాసుకుంటే చాలు.

ప్రశ్న: కోర్సువాళ్లు ఎంపీపీ ఫైళ్లు పంపారు, నాది మ్యాక్. ఎలా తెరవాలి?

జవాబు: ఎంపీపీ అంటే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఫైలు, ఆ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ మ్యాక్‌కి లేదు. ప్రాజెక్ట్‌లిబ్రే అని ఉచితంగా దొరుకుతుంది, ఎంపీపీ ఫైళ్లు తెరుస్తుంది, రంగులూ ఫార్మాటింగూ కాస్త చెదిరినా పనుల వరుస, తేదీలు కనిపిస్తే మీకు చాలు. పరీక్షలో ఏ సాఫ్ట్‌వేర్ గురించీ అడగరు, దీనికోసం లైసెన్స్ కొనకండి.

ప్రశ్న: రోజుకి ఎనిమిది గంటల క్లాసు, రాత్రికి బుర్రలో ఏమీ మిగలట్లేదు. మళ్లీ ఆరునెలల కాంట్రాక్ట్ మధ్యలో సెలవు పెట్టి వచ్చా, ఆ రోజులకి బిల్లు కూడా లేదు. రికార్డింగులు ఏఐకి ఇచ్చి నోట్స్ రాయించుకుంటే?

జవాబు: ముందు కోర్సువాళ్ల షరతులు చూడండి, రికార్డింగులు బయట సర్వీసుల్లోకి ఎక్కించొద్దని అందులో ఉంటే ఎక్కించకండి. అవకాశం ఉన్నా ఆ నోట్స్ చదివితే అర్థమైపోయినట్టే ఉంటుంది, పరీక్షలో సందర్భం మార్చి అడిగితే చెయ్యాడదు. దానికంటే ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వేసుకోండి, కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో మాత్రం కొనాలి. ప్రతి రాత్రీ పది కార్డులు, మీ చేత్తో రాసినవి. ఫార్ములా బట్టీపట్టే కార్డు కాదు, లెక్క ఉన్న కార్డు రాయండి: బడ్జెట్ 100, పని 40 శాతం అయింది, ఖర్చు 50 అయింది, చివరికి ఎంతవుతుంది? అయిన పని విలువ 40ని ఖర్చు 50తో భాగిస్తే 0.8, అది సీపీఐ, అంటే పెట్టిన రూపాయికి ఎంత పని జరిగిందో చెప్పే అంకె, 100ని 0.8తో భాగిస్తే 125. ఖర్చు ఇదే తీరున పోతే పాతిక ఎక్కువ పడుతుందన్నమాట. అంకెలు మార్చి ఇలాంటివి ఐదు చేస్తే ఫార్ములా దానంతటదే నోటికొస్తుంది.

ఇంకోటి, బూట్‌క్యాంప్ ఆఖరిరోజు మర్నాడే పరీక్ష బుక్ చేసుకోకండి, రెండు మూడు వారాలు పెట్టుకోండి, ఆ వారాల్లో సాయంత్రాలు చదివితే బిల్లు రోజులు పోవు.