మ్యాథ్స్ లేదని ఎకనామిక్స్ వదిలేయాలా?

ప్రశ్న: డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. ఎకనామిక్స్‌లో పరిశోధన చేయాలని ఉంది. కానీ పదో తరగతి తర్వాత మ్యాథ్స్ ముట్టుకోలేదు. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: వద్దమ్మా, అప్పుడే వదులుకోవద్దు. నీకొచ్చిన ఇబ్బందే అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్‌కూ వచ్చింది. ఆమె 1933లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. ఆడపిల్ల కావడంతో స్కూల్లో ట్రిగనామెట్రీ చదవనివ్వలేదు. 1954లో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగానికి వెళితే టైపింగ్, షార్ట్‌హ్యాండ్ వచ్చా అని అడిగారు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ(యూసీఎల్ఏ)లో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేయాలనుకుంటే, తగినంత మ్యాథ్స్ లేదని అవకాశం ఇవ్వలేదు. దాంతో పొలిటికల్ సైన్స్‌లో చేరారు.

అక్కడ ఆమె ఎంచుకున్న అంశం చూడు. లాస్ ఏంజెలెస్ పక్కనే అందరూ ఎడాపెడా భూగర్భజలాలు తోడేస్తుంటే సముద్రపు ఉప్పునీరు లోపలికి వస్తోంది. ఆ నీళ్లు వాడుకునేవాళ్లే కూర్చుని ఒప్పందానికి ఎలా వచ్చారన్నదే ఆమె థీసిస్. 1965లో పీహెచ్‌డీ వచ్చింది. ఇండియానా యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి మొదట దొరికింది ఉదయం ఏడున్నర క్లాసు. అయినా ఆ ప్రశ్నను వదల్లేదు. స్విట్జర్లాండ్ కొండల్లోని పచ్చిక బయళ్లు, స్పెయిన్ సాగునీటి కాలువలు, జపాన్ గ్రామాల ఉమ్మడి భూములు... ఉమ్మడి ఆస్తిని జనమే నియమాలు పెట్టుకుని తరాల పాటు కాపాడుకోగలరని 1990లో వచ్చిన పుస్తకంలో చూపించారు. 2009లో మరో ఎకనామిస్ట్ ఆలివర్ విలియమ్సన్‌తో కలిసి ఎకనామిక్స్ నోబెల్ అందుకున్నారు. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే.

ఇది చదివి మ్యాథ్స్ అక్కర్లేదని మాత్రం అనుకోకు. ఆమె ప్రొఫెసర్ అయ్యాక కూడా జర్మనీలోని బీలెఫెల్డ్‌లో ఎకనామిస్ట్ రైన్‌హార్డ్ సెల్టెన్ దగ్గర గేమ్ థియరీ (ఒకరి నిర్ణయం మరొకరి నిర్ణయంపై ఆధారపడే పరిస్థితులను లెక్కలతో విశ్లేషించే పద్ధతి) నేర్చుకున్నారు. ఈరోజు ఎకనామిక్స్ పీహెచ్‌డీకి సాధారణంగా కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్ కావాలి. రోజూ గంటన్నర కూర్చోగలిగితే ఏడాదిన్నరలో పునాది పడుతుంది. మొదటి మూడు నెలలు టెన్షన్‌గానే ఉంటుంది, అది మామూలే. ఆ తర్వాత కూడా మనసు ఒప్పకపోతే పబ్లిక్ పాలసీ, పొలిటికల్ ఎకానమీ కోర్సులు చూడు. అక్కడ నీ పొలిటికల్ సైన్స్ నేరుగా పనికొస్తుంది.

కోర్సు పేరు వెతికే ముందు ఒక పని చెయ్యి. నిన్ను నిజంగా వేధిస్తున్న ప్రశ్న ఏమిటో ఒక పేజీలో రాసుకో. దానికి జవాబు వెతకడానికి ఏ మ్యాథ్స్ కావాలో మీ లెక్చరర్‌ను అడుగు. అక్కడి నుంచే మొదలుపెట్టు.