నేల కోసం ఎఫ్‌డీని కదిలించకండి

ప్రశ్న: విజయవాడలో మాకు పాత ఫ్లాటు ఉంది. మొజాయిక్ నేల చలికాలంలో జిల్లుమంటుంది, మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. దాని మీదే క్లిక్ వినైల్ పలకలు (అంచులు ఒకదాంట్లో ఒకటి బిగుసుకునే ప్లాస్టిక్ పలకలు) వేయించాలనుకుంటున్నాం. 600 చదరపు అడుగులకు సామాను, కూలీ కలిపి 1,20,000 రూపాయలు అడిగారు. నెలకు 12,000 మిగులుతుంది. 3 లక్షల ఎఫ్‌డీ తప్ప వేరే పొదుపు లేదు. అందులోంచి తీయాలా? 14 శాతం వడ్డీకి వ్యక్తిగత రుణం తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. ఉద్యోగం పోయినా, అత్తగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా మిమ్మల్ని ఆదుకొనేది ఆ 3 లక్షలే. రుణమైతే మూడేళ్ల పాటు నెలకు దాదాపు 4,100 కట్టాలి, వడ్డీకే 27,600 పోతుంది. మీకు చెప్పిన ధర ప్రకారం ఆ సొమ్ముతో 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గదికి నేల వేయించవచ్చు.

ముందు అత్తగారి గది, హాలు చేయించండి. రెండూ కలిపి 250 చదరపు అడుగులు అనుకుంటే 50,000 అవుతుంది. అయిదు నెలల మిగులు 60,000. మిగతా 10,000 ఎందుకంటే, కొటేషన్‌లో కనిపించని ఖర్చులుంటాయి. 18 శాతం జీఎస్టీ కలిసిందా, గోడ అంచు పట్టీలు, తలుపుల అడుగు కోయడం ఎవరి ఖర్చు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కోతల్లో పోయే ముక్కల కోసం పదో వంతు ఎక్కువ సామాను కావాలి. అదే బ్యాచ్‌వి రెండు పెట్టెలు అదనంగా కొని దాచండి, తర్వాత కొంటే రంగులో తేడా రావచ్చు. మిగతా గదులు ఎప్పుడు చేయించినా గుమ్మం దగ్గర పట్టీ వేస్తే అతుకు కనిపించదు.

దుకాణంలో పలక మొత్తం మందం చూపించి ఎక్కువ ధర చెబుతారు. మన్నిక ఉండేది పైనున్న పారదర్శక పొరలో. ఇంటికి 0.3 మిల్లీమీటర్లు చాలు, మనుషుల రాకపోకలు ఎక్కువున్న హాలుకు 0.5 తీసుకోండి. రంగులు, డిజైన్ల మీద పెట్టే డబ్బు నేల చదును మీద పెట్టడం మేలు. ఆరడుగుల తిన్నని పట్టీని మొజాయిక్ మీద ఆనించి చూడండి. కింద రెండు రూపాయి బిళ్లలు ఒకదానిపై ఒకటి పెట్టి దూర్చే సందు ఉంటే ముందు చదును చేయించాలి. లేకపోతే నడిచిన కొద్దీ పలకల అతుకులు విరుగుతాయి. మీది కింది అంతస్తు అయితే పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి, రెండు రోజుల తర్వాత తీయండి. అడుగున నీటి బొట్లు కనిపిస్తే ఆ తేమ సంగతి తేలేదాకా పని మొదలుపెట్టవద్దు.

పండగలకు బకెట్లతో నీళ్లు పోసి కడిగే అలవాటు మానుకోవాలి, అతుకుల్లోంచి నీరు దిగుతుంది. దేవుడి గదిలో మాత్రం మొజాయిక్‌నే ఉంచండి. కుందిలోంచి జారిన వత్తి వినైల్ మీద పడితే ఆ మచ్చ ఇక పోదు.