తాత ట్రంకుపెట్టెలో పోలెండ్ పిస్టల్

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె సార్. మిలిటరీలో చేసిన మా తాత ట్రంకుపెట్టెలో పాత పిస్టల్ దొరికింది, ఎడమ పక్క గద్ద బొమ్మ, రాడోమ్, 1938 అని ఉంది. దాచుకోవచ్చా?

జవాబు: అబ్బో, మంచి సరుకే తగిలిందే! అది పోలెండ్ వాళ్ల విస్ 35, రాడోమ్ ఫ్యాక్టరీది, 9 ఎంఎం, మేగజైన్‌లో 8 గుళ్లు పడతాయి. కిరీటం పెట్టుకున్న గద్ద, పక్కన ఏడాది ఉంటే 1939లో జర్మన్లు రాకముందు చేసిందని లెక్క, తర్వాత జర్మన్లు అదే ఫ్యాక్టరీలో చేయించుకున్నవాటికి గద్ద ఎగిరిపోయింది, యుద్ధం ముదిరేకొద్దీ ఫినిషింగ్ కూడా గరుగ్గా తయారైంది. కలెక్టర్లు ఎగబడేది గద్ద ఉన్నదానికే, ఈ కలెక్టర్లంటే జిల్లా కలెక్టర్ కాదులెండి, పాత ఆయుధాలు పోగుచేసేవాళ్లు! దాచుకోవడం మాత్రం వద్దు, లైసెన్స్ లేకపోతే ఆయుధాల చట్టం కింద కేసే. ట్రిగ్గర్ జోలికి పోకుండా ముందు స్టేషన్‌కి ఫోన్ కొట్టండి, ఆ గద్దని మాత్రం ఒక ఫొటో తీసిపెట్టుకోండి.